కందిరీగ కాని కందిరీగ

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (జువాలజీ)



సంచికకు సైన్సు వ్యాసం అనగానే చాలామంది రాకెట్ల గురించో కంప్యూటర్ల గురించో రాస్తారు. నేను మన పెరట్లో తిరిగే ఒక పురుగు గురించి రాస్తున్నాను. ఉద్దానంలో పెరడు లేని ఇల్లు అరుదు. నాలుగు కొబ్బరి చెట్లు, ఒక పనస, ఒక కరివేపాకు, పందిరి మీద చిక్కుడు, ఆనప, బావి దగ్గర అరటి, వాకిట్లో తులసి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ చెట్లలో ఎన్నింటినో కూల్చేసింది. మనవాళ్లు మళ్లీ నాటుకున్నారు. చెట్లూ పాదులూ ఉన్నచోట పురుగులూ ఉంటాయి. వాటిలో ఒకటి కందిరీగ వేషం వేసుకుని తిరుగుతుంది. దానికి కొండి లేదు, విషం దించే ముల్లు లేదు. అయినా దాన్ని చూసి మనుషులూ, పక్షులూ పక్కకు తప్పుకుంటారు.

"మేకవన్నె పులి" అని మనకొక మాట ఉంది. పైకి సాధువుగా కనిపిస్తూ లోపల క్రూరంగా ఉండేవాడిని అలా అంటాం. ఈ పురుగు దానికి తలకిందులు. ఇది పులివేషం కట్టిన మేక. అమ్మవారి సంబరాల్లో ఒంటికి పసుపు రంగు పూసుకుని, నల్లచారలు గీసుకుని పులివేషం వేసేవాళ్లను మీరు చూసే ఉంటారు. ఆ రెండు రంగులే ఈ పురుగు ఒంటి మీదా ఉంటాయి.

దీన్ని ఎలా గుర్తించాలి, దీనికి ఆ వేషం ఎందుకు, ఇది తెలుసుకోవడం వల్ల మనకు ఒరిగేదేమిటి అన్న మూడు విషయాలు ఈ వ్యాసంలో చెబుతాను.

పెరట్లో కనిపించింది ఏమిటి?

ఒక శ్రావణమాసంలో సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మా తులసి పూల మీద ఈ పురుగు కనిపించింది. రెక్కలు చాపితే అంగుళం, అంగుళంన్నర వెడల్పు. రెక్కలు నల్లగా ఉన్నాయి గానీ, వాటిలో అక్కడక్కడా గాజు కిటికీలు పెట్టినట్టు పారదర్శకమైన మచ్చలున్నాయి. నల్లటి పొట్ట మీద పసుపు పట్టీలున్నాయి. పట్టపగలు, మనుషులు తిరుగుతున్నా బెదరకుండా నింపాదిగా పూల మీద వాలుతోంది.

పక్కింటి పెద్దమ్మ చూసి, "ఏటి అది? కందిరీగనాగుంది, దగ్గిరికెల్లకు" అంది. చిక్కుడు పాదుకు తెచ్చిన మందు మిగిలి ఉంది, ఒకసారి కొట్టేస్తే పోతుంది కదా అని సలహా కూడా ఇచ్చింది. ఆమె మంచికే చెప్పింది. కందిరీగ కుట్టిన బాధ తెలిసిన ఎవరైనా అలాగే అంటారు. మందు కొట్టక ముందు ఒక్క పది నిమిషాలు దూరం నుంచి చూద్దామని నేను ఆగాను. ఆ పది నిమిషాల్లో ఏం చూడాలన్నదే తర్వాత చెప్పబోయేది.

ముందుగా పేరు సంగతి

ఇంగ్లిషులో 'మాత్' అనే పురుగుకు తెలుగులో అందరికీ తెలిసిన ఒకే పేరు లేదు. పుస్తకాల్లో చిమ్మట అంటారు. కానీ చిమ్మట అంటే కొన్నిచోట్ల రాత్రిళ్లు కీచుమని అరిచే పురుగు, మరికొన్నిచోట్ల బట్టలు కొరికే పురుగు. వ్యవసాయ శాఖ వాళ్లు రెక్కల పురుగు అనీ, తల్లి పురుగు అనీ రాస్తారు. ఇళ్లలో దీపం పురుగు అంటాం. నేను ఇక్కడ రెక్కల పురుగు అనే వాడతాను.

సీతాకోకచిలుక, రెక్కల పురుగు రెండూ ఒకే క్రమానికి చెందినవి. ఆ క్రమం పేరు లెపిడోప్టెరా. గ్రీకు భాషలో 'లెపిస్' అంటే పొలుసు, 'ప్టెరాన్' అంటే రెక్క. సీతాకోకచిలుకను పట్టుకుంటే వేళ్లకు అంటుకునే పొడి ఆ పొలుసులే. కందిరీగలు, తేనెటీగలు, చీమలు హైమెనోప్టెరా అనే వేరే క్రమానికి చెందినవి. వాటి రెక్కలు పొరలా ఉంటాయి, పొలుసులుండవు. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300కు పైగా రకాలుంటే, రెక్కల పురుగులు 10,000కు పైగా రకాలున్నాయి. అవన్నీ రాత్రిపూటే తిరుగుతాయని అనుకుంటాం. పగలు తిరిగేవీ చాలా ఉన్నాయి. మన వేషధారి వాటిలో ఒకటి.

తేడా చెప్పే ఆరు గుర్తులు

1. నడుము: కందిరీగకు ఛాతీకి, పొట్టకు మధ్య దారంలాంటి సన్నటి నడుము ఉంటుంది. రెక్కల పురుగుకు అలాంటి నడుము ఉండదు. ఛాతీ, పొట్ట వెడల్పుగా కలిసిపోయి ఉంటాయి. కొన్ని రకాల్లో పొట్ట మొదట్లో లేత రంగు మచ్చ పెట్టుకుని సన్న నడుము ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. కాబట్టి పక్క నుంచి కూడా చూడాలి.

2. రెక్కలు పెట్టుకునే తీరు: మన ఇళ్ల చూరు కింద కాగితంలాంటి గూడు కట్టే కందిరీగ వాలినప్పుడు రెక్కలను పొడవునా మడుచుకుని ఒంటికి ఆనించుకుంటుంది. మన వేషధారి వాలినప్పుడు రెక్కలను రెండు పక్కలకూ చాపి ఉంచుతుంది. దూరం నుంచి కనిపెట్టడానికి ఇది మంచి గుర్తు.

3. వెనుక రెక్కలు: రెండింటికీ రెండు జతల రెక్కలే. కానీ ఈ వేషధారికి ముందు రెక్కలు పొడవుగానూ, వెనుక రెక్కలు బాగా చిన్నవిగానూ ఉంటాయి. చూసేవారికి ఒకే జత ఉన్నట్టు అనిపిస్తుంది.

4. పొలుసులు: రెక్క అంచుల్లో, ఒంటి మీద నల్లటి మెత్తటి పొలుసులు కప్పి ఉంటాయి. గాజు కిటికీల్లా ఉన్న చోట మాత్రమే అవి పలచబడి, రెక్క పారదర్శకంగా కనిపిస్తుంది. కందిరీగ ఒళ్లు నున్నగా, వార్నిష్ వేసినట్టు ఉంటుంది.

5. నోరు: కందిరీగకు కొరికే దవడలుంటాయి. రెక్కల పురుగుకు గడియారం స్ప్రింగులా చుట్టుకునే సన్నటి గొట్టం ఉంటుంది. పువ్వు మీద వాలినప్పుడు ఆ గొట్టం సాగి లోపలికి వెళ్లడం కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

6. ఎగిరే తీరు: కందిరీగ వేగంగా, సూటిగా పోతుంది. ఈ పురుగు బరువు మోస్తున్నట్టు నెమ్మదిగా, తక్కువ ఎత్తులో ఎగురుతుంది. జత కట్టినప్పుడు రెండు పురుగులు తోకలు కలుపుకుని, తలలు చెరో వైపు పెట్టుకుని గంటల తరబడి ఒకే ఆకు మీద ఉండిపోతాయి. అప్పుడు ఫొటో తీయడం తేలిక.

ఈ ఆరింటిలో ఏ ఒక్కదాన్నీ నమ్ముకుని తీర్పు చెప్పకూడదు. వేషం ఉన్నదే మోసం చేయడానికి. కనీసం మూడు గుర్తులు కలిస్తే గానీ "ఇది కందిరీగ కాదు" అనకూడదు. ఇక ముఖ్యమైన నియమం: గుర్తించడం కళ్లతో చేసే పని, చేత్తో చేసే పని కాదు. నాలుగడుగుల దూరం చాలు.

జీడిపప్పు గ్రేడింగూ, పురుగుల గ్రేడింగూ

కందిరీగ కాదని తేలింది. మరి ఏమిటి? ఇక్కడ మనకు బాగా తెలిసిన పనితో పోల్చి చెబుతాను. పలాస జీడి కార్ఖానాల్లో గ్రేడింగ్ చేసే ఆడవాళ్ల చేతులను గమనించండి. ముందు గుండు పప్పు ఒక వైపు, బద్ద ఒక వైపు, ముక్కలు ఒక వైపు తీస్తారు. ఆ తర్వాత గుండులో సైజును బట్టి 180, 210, 240, 320 అని వేరు చేస్తారు. 320 గ్రేడు అంటే ఒక పౌను బరువుకు 300 నుంచి 320 వరకు గుండ్లు తూగేది. మా అమ్మ ఈ పని చేసే ఆడవాళ్లలో ఒకరు. ఎమ్మెస్సీ క్లాసులో వర్గీకరణ శాస్త్రం మొదలుపెట్టినప్పుడు నాకు ఆ పద్ధతి కొత్తగా అనిపించలేదు. ముందు పెద్ద తేడా, తర్వాత చిన్న తేడా, ఆ తర్వాత ఇంకా చిన్న తేడా. అనుమానం ఉన్న గింజను పై గ్రేడులో వేయకూడదు.

పురుగు విషయంలోనూ ఇదే వరస. క్రమం: లెపిడోప్టెరా. కుటుంబం: ఎరెబిడే. అందులో తెగ: సింటోమిని. ప్రజాతి: అమాటా. పాత పుస్తకాల్లో ఈ ప్రజాతిని సింటోమిస్ అనేవారు. భారతదేశపు రెక్కల పురుగుల మీద జార్జ్ హాంప్సన్ రాసిన నాలుగు సంపుటాల్లో మొదటిది 1892లో వచ్చింది. అందులో ఇవి ఒక ప్రత్యేక కుటుంబంగా ఉంటాయి. డీఎన్ఏ పరిశోధనలు వచ్చాక వీటిని ఎరెబిడే అనే పెద్ద కుటుంబంలో కలిపారు. కాబట్టి రెండు పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

దక్షిణ భారతదేశంలోనూ, శ్రీలంకలోనూ ఈ ప్రజాతిలో ఎక్కువగా చెప్పుకునే జాతి అమాటా పాసాలిస్. దానికి మొదట పేరు పెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీషియస్, 1781లో. దీని గొంగళి పురుగులు చందనం చెట్ల ఆకులు తింటాయి కాబట్టి అటవీ శాఖ పుస్తకాల్లో దీన్ని చందనం ఆకు తినే పురుగుగా రాస్తారు. చందనమే తినాలన్న నియమం లేదు, ఇంకా చాలా రకాల మొక్కలు తింటుంది. గొంగళి పురుగు ఒంటి నిండా ముదురు రంగు వెంట్రుకల కుచ్చులుంటాయి. గూడు కట్టుకునేటప్పుడు ఆ వెంట్రుకలనే పట్టుదారంతో కలిపి పలచటి తొడుగు అల్లుకుంటుంది.

మా పెరట్లో చూసిన పురుగుకు నేను నోట్‌బుక్కులో రాసుకున్న పేరు "అమాటా ప్రజాతి" అని మాత్రమే. ఈ ప్రజాతిలో ఒకదానినొకటి పోలిన జాతులు చాలా ఉన్నాయి. కొన్నింటిని విడదీయాలంటే మగ పురుగు పొట్ట చివరి భాగాలను మైక్రోస్కోపు కింద చూడాల్సి వస్తుంది. ఫొటో ఎంతవరకు చెబుతుందో అంతవరకే రాయాలి. సగం పేరు రాసి ఆగడం కూడా శాస్త్ర పద్ధతే.

దీని బంధువు ఇంకొకటి కూడా మీ కంట పడవచ్చు. దాని పేరు యూక్రోమియా పాలిమెనా. నల్లటి రెక్కల మీద నారింజ, పసుపు మచ్చలు, ఒంటి మీద ఎర్రటి పట్టీలు, మధ్యలో లోహంలా మెరిసే నీలి రంగు. దీని గొంగళి పురుగులు ఐపోమియా ప్రజాతి తీగల ఆకులు తింటాయి. మన సముద్రపు ఒడ్డున ఇసుక మీద పాకే ఊదా పూల తీగ, చిలగడదుంప తీగ, చెరువుల్లో పెరిగే తూటికూర ఆ ప్రజాతికి చెందినవే. కాబట్టి వెతకాల్సిన చోటు మీకు తెలిసినట్టే.

వేషం ఎందుకు?

ఈ ప్రశ్నకు మొదట సరైన జవాబు చెప్పినవాడు యూనివర్సిటీలో చదివినవాడు కాదు. ఆయన పేరు హెన్రీ వాల్టర్ బేట్స్. 1825లో ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో పుట్టాడు. పదమూడేళ్లకే బడి మానిపించి మేజోళ్ల వ్యాపారి దగ్గర పనిలో పెట్టారు. పగలంతా పని చేసి, రాత్రిళ్లు కార్మికుల కోసం నడిపే సంస్థలో చదువుకున్నాడు. తీరిక దొరికితే చుట్టుపక్కల పొలాల్లో పెంకు పురుగులు సేకరించేవాడు. వాటి గురించి ఆయన రాసిన చిన్న వ్యాసం 1843లో ఒక పత్రికలో వచ్చింది. 1848లో మిత్రుడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌తో కలిసి దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులకు వెళ్లాడు. వాలెస్ నాలుగేళ్లకు తిరిగి వచ్చాడు. బేట్స్ పదకొండేళ్లు అక్కడే ఉండిపోయాడు. ఆయన సేకరించిన 14,000కు పైగా రకాల జీవుల్లో 8,000 దాకా శాస్త్రానికి కొత్తవి. వాటిలో ఎక్కువ భాగం కీటకాలే.

అక్కడ సీతాకోకచిలుకలను వేరు చేస్తున్నప్పుడు ఆయనకు ఒక వింత కనిపించింది. పైకి ఒకేలా ఉన్న రెండు సీతాకోకచిలుకలను దగ్గరగా చూస్తే అవి వేర్వేరు కుటుంబాలవి. ఒకటి పక్షులకు రుచించనిది, రెండోది ఏ దోషమూ లేనిది. 1862లో అచ్చయిన వ్యాసంలో ఆయన దీనికి కారణం చెప్పాడు. రుచించని పురుగును ఒకసారి నోట పెట్టుకున్న పక్షి మళ్లీ ఆ రంగుల జోలికి పోదు. అమాయకమైన పురుగుల్లో కాస్త ఆ పోలిక ఉన్నవి పక్షి నుంచి తప్పించుకుని పిల్లల్ని పెడతాయి. పోలిక లేనివి ఎక్కువగా తినబడతాయి. తరతరాలుగా ఇలా జరిగి పోలిక మరింత బాగా కుదురుతుంది. పురుగు తెలిసి వేసిన వేషం కాదిది. పక్షుల భయమే దానికి మేకప్ వేసింది. డార్విన్ సహజ ఎంపిక సిద్ధాంతానికి ఇది మంచి సాక్ష్యమైంది. ఈ పద్ధతిని నేటికీ బేట్స్ పేరుతోనే పిలుస్తారు.

ఇక్కడ పక్షి వేసుకునే లెక్కను గమనించండి. వేషధారిని కందిరీగ అనుకుని వదిలేస్తే పక్షికి పోయేది ఒక్క ముద్ద. కందిరీగను వేషధారి అనుకుని నోట పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రెండు పొరపాట్ల ఖరీదు ఒకటి కాదు. అందుకే పక్షి అనుమానం ఉన్నప్పుడు వదిలేస్తుంది. ఆ అనుమానం మీదే వేషధారి బతుకుతుంది. వేషధారుల సంఖ్య మరీ పెరిగిపోతే ఈ ఆట చెడుతుంది. ఎక్కువసార్లు ఉత్త వేషాలే తగిలితే పక్షులకు భయం పోతుంది.

జర్మనీలో పుట్టి బ్రెజిల్‌లో స్థిరపడిన ఫ్రిట్జ్ ముల్లర్ 1878లో ఇంకొక సంగతి చెప్పాడు. నిజంగానే హాని చేసే రెండు మూడు రకాల జీవులు ఒకే రంగులు వేసుకుంటే, పక్షులకు పాఠం నేర్పడానికి అయ్యే ప్రాణనష్టాన్ని అవి పంచుకుంటాయి. కందిరీగల్లో చాలా రకాలు పసుపు, నలుపు రంగుల్లోనే ఉండటానికి ఇదొక కారణం. మన వేషధారి తెగలో కూడా కొన్ని పురుగులు పక్షులకు నిజంగానే రుచించవు. కాబట్టి ఇవి పూర్తిగా అమాయకమైనవని కూడా అనలేం.

మన చుట్టూ ఇంకా వేషధారులు

పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర తిరిగే నల్లటి సీతాకోకచిలుకను చూసే ఉంటారు. దాని శాస్త్రీయ నామం పాపిలియో పాలిటెస్. మగది నల్లగా, వెనుక రెక్కల మీద తెల్ల మచ్చల వరుసతో ఉంటుంది. ఆడవాటిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి. మరికొన్ని మాత్రం ఎర్ర మచ్చలు పెట్టుకుని, పక్షులకు పనికిరాని వేరే సీతాకోకచిలుకల్లా కనిపిస్తాయి. ఈ వేషం మార్పు అంతా డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక్క జన్యువు చేతిలో ఉందని 2014లో తేలింది. ఆ పరిశోధనకు ముందు నిలిచినవారు బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే. మన కరివేపాకు చెట్టు మీది పురుగు ప్రపంచ ప్రసిద్ధ పత్రిక 'నేచర్'కు ఎక్కిందన్నమాట.

పూల మీద గాలిలో నిలబడి రెక్కలాడించే పూల ఈగలు తేనెటీగల్లా ఉంటాయి. వాటికి ఒకే జత రెక్కలుంటాయి, కుట్టవు. వాటిలో చాలా రకాల పిల్లలు పేనుబంకను తిని మొక్కను కాపాడతాయి. కాఫీ కుటుంబపు మొక్కల మీద పెరిగే సెఫనోడిస్ హైలాస్ అనే రెక్కల పురుగు పెద్ద తేనెటీగలా గాజు రెక్కలతో గాలిలో నిలబడి పూల తేనె తాగుతుంది.

గాజు రెక్కల పురుగులకు సెసియిడే అని వేరే కుటుంబమే ఉంది. వేషంలో అవి మన అమాటాను మించిపోతాయి. వాటిలో ఒకదాని కథ చెప్పాలి. 1887లో సేకరించిన ఒకే ఒక్క పాడైన నమూనా తప్ప ప్రపంచంలో ఎవరూ చూడని ఒక నీలి రంగు గాజు రెక్కల పురుగును, పోలండుకు చెందిన పరిశోధకురాలు మార్టా స్కోవ్రాన్ వోల్పోని మలేషియా అడవిలో నది ఒడ్డున బతికి ఉండగా చూసింది. ఆ వివరాలు 2017లో అచ్చయ్యాయి. చచ్చిన నమూనాలో నీలి రంగు, తేనెటీగలా మెసిలే తీరు తెలియవు. దాని వేషం ఎంత గొప్పదో తెలియడానికి అది ఎగురుతుండగా చూడాల్సి వచ్చింది. నూటముప్పై ఏళ్లు ఎవరి కంటా పడని పురుగు, ఓపికగా కూర్చున్న మనిషి కంట పడింది.

అసలు కందిరీగ సంగతి

వేషధారిని వదిలేసి నిజమైన కందిరీగలన్నింటినీ చంపేయమని ఈ వ్యాసం అర్థం కాదు. కందిరీగ తోటకు కావలిది. మన పెద్దలు భ్రమరకీటక న్యాయం అని చెబుతారు. భ్రమరం ఒక పురుగును తెచ్చి మట్టి గూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తే, ఆ పురుగు భ్రమరాన్నే తలుచుకుంటూ చివరికి భ్రమరంగా మారిపోతుందని. గూట్లోకి పురుగు వెళ్లడం, గూట్లోంచి కందిరీగ రావడం రెండూ నిజమే. మధ్యలో జరిగేది వేరు. గోడకు మట్టి గూడు కట్టే కందిరీగ గొంగళి పురుగును కుట్టి, చంపకుండా కదలలేనట్టు చేసి గూట్లో పెడుతుంది. అక్కడే గుడ్డు పెట్టి మూత వేస్తుంది. పిల్ల ఆ పురుగును తిని పెరిగి బయటికి వస్తుంది. చూరు కింద కాగితపు గూడు కట్టే కందిరీగలు కూడా పిల్లల మేత కోసం పురుగులను వేటాడతాయి. చిక్కుడునూ, వంగనూ తినే లద్దెపురుగులను అవి ఖర్చు లేకుండా ఏరేస్తాయి.

అయినా జాగ్రత్త తప్పదు. ఆడ కందిరీగే కుడుతుంది. తేనెటీగలా ముల్లు వదిలేయదు కాబట్టి ఒక్కటే పలుసార్లు కుట్టగలదు. కుట్టిన తర్వాత ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పెద్ద కందిరీగలు గుంపుగా పడి పదుల సంఖ్యలో కుడితే, ఆ విషానికి కిడ్నీలు కూడా దెబ్బతినవచ్చు. అలాంటప్పుడు నొప్పి తగ్గిందని ఊరుకోకూడదు. మూత్రం తగ్గినా, రంగు మారినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. పెద్ద తుట్టె జనం తిరిగే చోట ఉంటే తెలిసినవారి చేత తీయించాలి. రాళ్లు రువ్వే పని మన హాస్టల్ పిల్లలు అసలు చేయకూడదు.

ఉద్దానానికి దీంతో పనేమిటి?

మన ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి. నీళ్లా, వేడా, మందులా, మరొకటా అని ఎన్నో ఏళ్లుగా పరిశోధనలు జరిగాయి. ఫలానాదే కారణమని ఇంతవరకూ నిర్ధారణ కాలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. పురుగుమందుల వల్లే ఈ జబ్బు వచ్చిందని నేను అనను. ఆధారం లేని మాట అనకూడదనే ఈ వ్యాసమంతా చెబుతున్నాను. కానీ బావికి పది అడుగుల దూరంలో, ఏ హానీ చేయని పురుగు మీద, పంటకు తెచ్చిన విషాన్ని కొట్టడం ఏ లెక్కన చూసినా అనవసరం. జీడితోటల మీద మందు చల్లడం మామూలు విషయమని తేలిగ్గా తీసుకునేవారు కేరళలోని కాసరగోడు జిల్లాను గుర్తుంచుకోవాలి. అక్కడ జీడితోటల మీద ఎండోసల్ఫాన్‌ను 2000 సంవత్సరం వరకు ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో చల్లారు. ఆ ఊళ్ల ప్రజలు దశాబ్దాలు పోరాడారు. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతటా నిషేధించింది.

మందు కొట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఏ పురుగు? ఇది నిజంగా పాడు చేస్తోందా? ఎంత పాడు చేస్తోంది? మొదటి ప్రశ్నకు జవాబు లేకుండా మిగతా రెండింటికీ జవాబు దొరకదు. జీడిలో లేత కొమ్మల రసం పీల్చే తేయాకు దోమకు చేసే వైద్యం వేరు, కాండం తొలిచే పురుగుకు చేసే వైద్యం వేరు. పువ్వుల మీద తిరిగే తేనెటీగకు అసలు వైద్యమే అక్కర్లేదు. అది లేకపోతే పిందె కట్టడం తగ్గుతుంది.

గుర్తించడం ప్రాణాలు కాపాడే విద్య అని మనకు దగ్గర్లోనే ఒకరు చూపించారు. 1780లలో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు ఈ తీరంలోని పాములను సేకరించి, ఏది విషపుది, ఏది కాదు అని గుర్తులు రాశాడు. ఆ పుస్తకం 1796లో అచ్చయింది. ఇప్పటికీ మనవాళ్లు కట్లపామును పోలిన విషం లేని పామును చంపుతారు, ఒక్కోసారి అసలు కట్లపామునే తేలిగ్గా తీసుకుంటారు. పాముల విషయంలో మాత్రం పక్షి లెక్కనే పాటించండి. అనుమానం ఉంటే దూరంగా ఉండండి.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేను. ఇంట్లో సైన్సు పుస్తకాలు లేవు, చెప్పేవాళ్లు లేరు అని నేనూ అనుకునేదాన్నో, అనుకునేవాడినో అన్నది ముఖ్యం కాదు. మనలో చాలామంది అలాగే అనుకుంటాం. కానీ పురుగులను చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక రూళ్ల నోట్‌బుక్కు, ఒక పెన్సిలు, వీలైతే ఒక చిన్న భూతద్దం చాలు. తేదీ, ఊరు, టైము, ఏ మొక్క మీద ఉంది, రెక్కలు ఎలా పెట్టుకుంది అని రాయండి. బొమ్మ వేయండి. ఫోను దొరికితే పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముఖం వైపు నుంచి ఒకటి ఫొటోలు తీయండి. బొచ్చు పురుగులను మాత్రం చేత్తో ముట్టుకోవద్దు, దురద పెడతాయి.

2012 నుంచి ప్రతి ఏటా జూలై చివరి వారంలో ప్రపంచమంతటా రెక్కల పురుగుల వారోత్సవం జరుగుతోంది. తెల్ల దుప్పటి ఒకటి గోడకు కట్టి, దాని ముందు లైటు పెడితే చాలు, వాలిన పురుగులను లెక్కపెట్టవచ్చు. మన హాస్టల్ వరండాలో లైటు ఉంది, దుప్పట్లకు లోటు లేదు. వార్డెన్ గారి అనుమతి తీసుకుని వచ్చే జూలైలో ఒక రాత్రి ప్రయత్నించండి. ఎన్ని రకాలు వచ్చాయో వచ్చే సంవత్సరం ఇదే సంచికలో మీరే రాయండి. పేరు తెలియని వాటిని "పేరు తెలియదు" అనే రాయండి. దాని పక్కన బొమ్మ ఉంటే చాలు, పేరు తర్వాత ఎవరో ఒకరు చెబుతారు.